మానని విరేచనాలు – ప్రేగు వాపు జబ్బులు
(సొసైటీ వార్షిక సమావేశం, హాలియాలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను మాట్లాడమని పిలిచినపుడు షుగరు గురించో, బి.పి. గురించో చెబుతానని కార్యదర్శిగారు అనుకొని ఉంటారు. వాటి గురించి చెప్పేవారు చాలామంది ఉన్నారు. నలుగురిలో ఎవరూ నోరెత్తని సంగతి ఒకటి ఉన్నది. అది దొడ్డికి పోయే సంగతి. నవ్వేవాళ్ళు ఇప్పుడే ఒకసారి నవ్వేసి, ఆ తర్వాత శ్రద్ధగా వినవలెనని మనవి. ఈ సిగ్గు వల్లనే మనవాళ్ళు సంవత్సరాల తరబడి నెత్తురు పోగొట్టుకొంటున్నారు.

మామూలు విరేచనాలు మనందరికీ తెలిసినవే. పెండ్లి భోజనం తిన్న తర్వాతనో, వానాకాలం కొత్త నీళ్ళు వచ్చినపుడో నాలుగు రోజులు పట్టుకొంటవి, పోతవి. వాటికి నీళ్ళు, ఉప్పు, చక్కెర చాలు. ఓ.ఆర్.ఎస్. పొట్లం ఒకటి లీటరు నీళ్ళలో మొత్తం కలిపి తాగించాలి. సగం పొట్లం గ్లాసులో వేసి ఇవ్వకూడదు. పొట్లం దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలకొట్టి, కలుపుకోవచ్చు. ఇంతవరకు వైద్యుడి అవసరం కూడా చాలాసార్లు ఉండదు.

నేను చెప్పదలచింది అవి కాదు. నాలుగు వారాలు దాటినా మానని విరేచనాల గురించి చెబుతున్నాను. తగ్గినట్టే తగ్గి మళ్ళీ మళ్ళీ వచ్చేవి, జిగటతో, నెత్తురుతో వచ్చేవి, కడుపులో మెలిపెట్టేవి. మన ఇండ్లలో పెద్దలు దీన్ని పేచిష్ అంటారు, ఊళ్ళో బంక విరేచనాలంటారు, ఆయుర్వేదం వాళ్ళు గ్రహణి అంటారు. పేరు ఏదైనా రోగి పోయే దారి మాత్రం ఒకటే. మొదట మందుల దుకాణానికి పోతాడు. అమీబా అని మెట్రోనిడజోల్ బిళ్ళలు ఇస్తారు. నాలుగు రోజులు నయంగా ఉంటుంది. మళ్ళీ వస్తే మళ్ళీ అవే బిళ్ళలు. తర్వాత ఆర్.ఎం.పి. దగ్గర సెలైను. ఆ తర్వాత ఎవరో మొలలంటారు. గోడల మీద బోర్డు చూసి మొలలకు సూది వేయించుకొంటాడు, దారం కట్టించుకొంటాడు. రెండేళ్ళు గడిచేసరికి మనిషి సగమై, హిమోగ్లోబిన్ ఆరుకో ఏడుకో పడిపోయి, చెల్లెలి పెండ్లికి దాచిన డబ్బు ఖర్చయి, అప్పుడు పెద్ద ఆస్పత్రికి పోతాడు. అక్కడ గొట్టం వేసి చూస్తే మొలలు లేవు. పెద్దప్రేగు లోపలంతా పూత పూసి ఉంటుంది.

నెత్తురు పడితే మొలలే అని ఎవరు చెప్పినా, చూడకుండా చెబితే ఒప్పుకోవద్దు. మొలల నెత్తురు సాధారణంగా దొడ్డికి పోయిన తర్వాత చుక్కలుగా, ఎర్రగా పడుతుంది. మలంలో కలిసి, జిగటతో, వెంటవెంటనే పోవాలనిపించే తొందరతో వచ్చే నెత్తురు వేరు. రెండూ ఒకే మనిషికి ఉండవచ్చు కూడా. కాబట్టి పరీక్ష చేయించుకోనిదే తీర్పు చెప్పడం కుదరదు.

మన నల్లగొండ జిల్లాలో ఇంకొక అలవాటు ఉన్నది. ఏ బాధ వచ్చినా ఫ్లోరైడు అనడం. ఫ్లోరైడు నీళ్ళు మర్రిగూడ, నాంపల్లి వైపు ఎందరి ఎముకలు వంచినవో, ఎందరి పళ్ళు చెరచినవో మనం కళ్ళారా చూచినవాళ్ళమే. ఆ నీళ్ళు కడుపులో వికారం, నొప్పి కూడా కలిగించగలవు. అంతమాత్రాన నెలల తరబడి మలంలో నెత్తురు పడుతుంటే ఫ్లోరైడు మీద నెట్టి ఊరుకొనరాదు. పైగా 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలిన తర్వాత మన ఎడమ కాలువ కింది ఊళ్ళ సంగతి వేరు, మెట్ట ఊళ్ళ సంగతి వేరు.

సరే, అసలు జబ్బులోకి వద్దాం. మానని కడుపు బాధలో ముఖ్యంగా రెండు రకాలు తెలుసుకోవాలి. పేర్లు దగ్గరగా ఉంటవి గనుక చదువుకున్నవాళ్ళు కూడా తికమక పడుతారు. ఒకటి ఐ.బి.ఎస్. ఇందులో ప్రేగు చూడటానికి బాగానే ఉంటుంది, దాని కదలిక, దాని సున్నితత్వం మాత్రం తప్పి ఉంటవి. కడుపు ఉబ్బరం, నొప్పి, ఒకరోజు విరేచనం, మూడు రోజులు మలబద్ధం. దిగులు, భయం ఉంటే ఎక్కువవుతుంది. బాధ నిజమైనదే. 'నీకేం లేదు, అంతా నీ భ్రమ' అని రోగిని కసురుకోవడం అన్యాయం. ఐతే ఇది ప్రాణం తీసేది కాదు. ఇసబ్‌గోల్, తిండిలో కొన్ని మార్పులు, కొన్ని మందులతో దారిలో పెట్టవచ్చు. ఇసబ్‌గోల్ మన హకీం సాహెబులు తరతరాలుగా ఇస్తున్నదే. ఇప్పుడు అల్లోపతి వాళ్ళూ చీటీ మీద రాస్తున్నారు.

రెండవది ఐ.బి.డి., అంటే ప్రేగు నిజంగా వాచి, పుండ్లు పడే జబ్బు. మన ఒంటిని కాపాడవలసిన రక్షక శక్తి దారితప్పి మన ప్రేగు మీదికే పోతుంది. కాపలావాడే ఇంటివాళ్ళను కొట్టినట్టు అనుకోండి. దీనిలో మళ్ళీ రెండు. పెద్దప్రేగు లోపలి పొరకు, చివరి భాగం నుండి మొదలై పైకి పాకేది అల్సరేటివ్ కోలైటిస్. నోటి నుండి మలద్వారం వరకు ఎక్కడైనా, ఎక్కువగా చిన్నప్రేగు చివర, గోడ మందమంతా పట్టి, దారిని ఇరుకు చేసేది క్రోన్స్ జబ్బు. న్యూయార్కులో బరిల్ క్రోన్ అనే డాక్టరు ఇద్దరు సహచరులతో కలిసి 1932లో దీన్ని వివరించాడు, అందుకని ఆ పేరు. రెండింటిలోనూ కీళ్ళ నొప్పులు, కళ్ళు ఎర్రబడటం, నోటిలో పుండ్లు కూడా రావచ్చు. కళ్ళ డాక్టరు దగ్గరికి పోయినవాడికి అసలు జబ్బు కడుపులో ఉండటం కద్దు.

ఇది తెల్లవాళ్ళ జబ్బు, ధనవంతుల జబ్బు అని చాలాకాలం అనుకొన్నారు. మా పుస్తకాల్లో కూడా అట్లాగే ఉండేది. హైదరాబాదులోని ఏ.ఐ.జి. ఆస్పత్రి వైద్యులు 30 వేలమందికి పైగా కడుపు బాధలున్నవాళ్ళను, పల్లెల వాళ్ళనూ పట్నం వాళ్ళనూ, పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. సుమారు నూటికి ఐదుగురిలో ఈ ప్రేగు వాపు జబ్బు కనిపించింది. జనాభాలో నూటికి ఐదుగురని కాదు, కడుపు బాధతో పరీక్షకు వచ్చిన నూరుమందిలో అని అర్థం చేసుకోవాలి. మనం గమనించవలసింది మరొకటి. పల్లెకూ పట్నానికీ పెద్ద తేడా లేదు. ఎందుకు పెరుగుతున్నదంటే ఒక్క కారణం చెప్పలేము. పాకెట్ తిండ్లు, కూల్‌డ్రింకులు, అవసరం లేకున్నా మింగే యాంటీబయాటిక్స్, వీటన్నిటి మీద అనుమానం ఉన్నది. జొన్న గటక, మజ్జిగ తిన్న తాతకు మనవడి జబ్బు ఎందుకు రాలేదో ఆలోచించవలసిందే. ఐతే గటక తింటే జబ్బు నయమైపోతుందని మాత్రం నేను చెప్పను.

ఇక్కడ మన దేశానికి ఒక చిక్కు ఉన్నది. చిన్నప్రేగు చివర పుండ్లు కనిపిస్తే అది క్రోన్స్ కావచ్చు, ప్రేగు క్షయ, అంటే టి.బి. కావచ్చు. గొట్టంలో నుండి చూచినా రెండూ అన్నదమ్ముల్లాగా ఉంటవి. టి.బి.కి క్రోన్స్ మందులు, అంటే స్టెరాయిడ్లు ఇస్తే క్షయ విజృంభిస్తుంది. క్రోన్స్‌కు టి.బి. మందులు ఇస్తే నెలలు వృథా. కాబట్టి ముక్క తీసి పరీక్ష చేయిస్తారు, ఒక్కొక్కసారి అప్పటికీ తేలదు. అప్పుడు డాక్టరు టి.బి. మందులు మొదలుపెట్టి రెండు మూడు నెలల్లో పుండ్లు మానినవా లేదా అని మళ్ళీ చూస్తాడు. 'ఈ డాక్టరుకు ఏమీ తెలియదు, మందులు మారుస్తున్నాడు' అని మధ్యలో పారిపోవద్దు. అది తెలియకపోవడం కాదు, తెలుసుకొనే పద్ధతి. టి.బి. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, పూర్తి కోర్సు మింగితే ప్రేగు క్షయ నయమవుతుంది.

మానని విరేచనాల వల్ల ఎంత నష్టం జరుగుతుందో, అందులో నుండి ఎంత మేలు పుట్టవచ్చో చెప్పడానికి మన తెలుగువాని కథ ఒకటి ఉన్నది. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరంలో పుట్టినారు. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్దిరోజుల తేడాలో చనిపోయారు. స్ప్రూ అంటే తిన్నది ఒంటబట్టక, మానని విరేచనాలతో రక్తం తగ్గి మనిషి ఎండిపోయే జబ్బు. ఆయనకు కూడా అది పట్టుకొన్నది. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద వైద్యంతో బయటపడినారు. తర్వాత 1922లో అమెరికా పోయి, లెడర్లే కంపెనీ పరిశోధనశాలలో పనిచేస్తూ 1945లో తన బృందంతో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేయించారు. ఆ ఫోలిక్ ఆమ్లమే స్ప్రూ రోగులకు ప్రాణం పోసింది. మన గర్భిణీ స్త్రీలకు అంగన్‌వాడీలో, ఆస్పత్రిలో ఇచ్చే ఐరన్ బిళ్ళలో ఉండేదీ అదే. ఆయన బృందంలో పుట్టిన మెథోట్రెక్సేట్ అనే మందు కాన్సరుకు వచ్చింది, ఇప్పుడు క్రోన్స్ జబ్బుకు కూడా వాడుతున్నారు. 1948లో ఆయన చనిపోయారు. మన బడిపిల్లల్లో ఆ పేరు విన్నవాళ్ళు ఎందరున్నారో మాస్టర్లు చెప్పాలి.

ఇక వైద్యం. కోలైటిస్‌కు పాత మందు సల్ఫాసలజీన్. స్వీడన్‌లో నానా స్వార్ట్జ్ అనే మహిళా డాక్టరు 1940 ప్రాంతంలో కీళ్ళ నొప్పులకని రూపొందించిన మందు ఇది. ప్రేగు వాపుకు కూడా పనిచేసింది. ఆమె ఆ దేశంలో ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి తొలి మహిళా ప్రొఫెసరు. ఆడపిల్లను టెన్త్‌తో ఆపుదామనుకొనే తండ్రులు ఈ మాట కొంచెం గుర్తుంచుకోవాలి. ఆ మందులో అసలు పనిచేసే భాగం ఏదో ఆక్స్‌ఫర్డులో 1977లో తేల్చినవాళ్ళలో బంగ్లాదేశ్ డాక్టరు ఎ.కె. ఆజాద్ ఖాన్ ముఖ్యులు. మందులోని రెండు భాగాలను విడివిడిగా ఎనిమా రూపంలో ఇచ్చి చూసినారు. అట్లా తేలిన భాగమే నేడు మెసలమిన్ పేరుతో బిళ్ళలుగా, మలద్వారంలో పెట్టుకొనే మందుగా దొరుకుతున్నది. సల్ఫాసలజీన్ వాడేవారికి ఫోలిక్ ఆమ్లం తక్కువవుతుంది గనుక దానితోపాటు ఫోలిక్ బిళ్ళ కూడా రాస్తారు. సుబ్బారావుగారు ఇక్కడ కూడా మనకు తోడుగా ఉన్నారన్న మాట.

వెనుక నుండి పెట్టుకొనే మందు అనగానే ముఖం తిప్పుకొంటారు. మగవాళ్ళే ఎక్కువ. జబ్బు చివరి భాగంలోనే ఉన్నపుడు ఆ మందు నోటి బిళ్ళ కన్న బాగా పనిచేస్తుంది. పుండు చేతి మీద ఉంటే మందు చేతి మీద రాస్తామా, కాలి మీద రాస్తామా?

జబ్బు బాగా ముదిరినపుడు స్టెరాయిడ్లు ఇస్తారు. త్వరగా తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, మనిషి నిండుగా కనిపిస్తాడు. అక్కడే ప్రమాదం. ఆ బిళ్ళల రుచి మరిగి, చీటీ లేకుండా దుకాణంలో కొనుక్కొని నెలల తరబడి మింగేవాళ్ళున్నారు. షుగరు వస్తుంది, ఎముకలు గుల్లబారుతవి. అట్లని ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. డాక్టరు చెప్పిన లెక్కన తగ్గించుకొంటూ రావాలి. వీటికి లొంగనివారికి అజథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ సూదిమందు, టోఫాసిటినిబ్ బిళ్ళ వంటివి ఉన్నవి. ఇవి ఒంటి రక్షణను తగ్గించేవి గనుక మొదలుపెట్టే ముందు, ముఖ్యంగా సూదిమందుకూ టోఫాసిటినిబ్‌కూ, లోపల టి.బి. దాగి ఉన్నదేమో తప్పక చూడాలి. కొందరికి ఆపరేషన్ చేయక తప్పదు. ఆరోగ్యశ్రీ కార్డు ఉన్నవారు, తమ చికిత్స దాని కిందికి వస్తుందో లేదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగానే అడిగి తెలుసుకోవాలి.

రోజుకు ఆరుసార్ల కన్న ఎక్కువ నెత్తురు విరేచనాలు, దానితో జ్వరం, గుండె దడ, కడుపు ఉబ్బి గట్టిపడటం ఉంటే రేపు చూద్దామనవద్దు. ఆ రోజే ఆస్పత్రిలో చేర్చాలి. విరేచనాలు కట్టే బిళ్ళ, లోపెరమైడ్ వంటిది, ఆ స్థితిలో వేయకూడదు. ప్రేగు ఉబ్బి పగిలే ప్రమాదం ఉంటుంది. ఒళ్ళునొప్పులకని డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్ళలు, సూదులు కూడా ఈ రోగులు మానుకోవాలి. అవి పడుకొన్న జబ్బును లేపుతవి. బీడీ, సిగరెట్టు క్రోన్స్ జబ్బుకు శత్రువు.

అన్నిటికన్న ఎక్కువ నష్టం చేసేది ఇంకొకటి. నయమైంది కదా అని మందు మానడం. ఈ జబ్బు షుగరు వంటిది. అణిగి ఉంటుంది, పోదు. ఆరు నెలలు సుఖంగా ఉన్నది మందు వల్ల. మానిన తర్వాత మళ్ళీ వచ్చేది మొదటిదానికన్న మొండిగా ఉండవచ్చు. కోలైటిస్ ఉండి ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళకు, ప్రేగు ఎక్కువ భాగం పట్టినపుడు, పెద్దప్రేగు కాన్సరు భయం పెరుగుతుంది. అప్పటి నుండి డాక్టరు చెప్పిన గడువులో, బాధ లేకపోయినా, గొట్టం పరీక్ష చేయించుకోవలసిందే.

ఇప్పుడు పరదా అవతలి వారికి ఒకటి రెండు మాటలు. ఈ జబ్బు ఎక్కువగా పదిహేను నుండి ముప్పై ఐదేళ్ళ లోపు మొదలవుతుంది. అంటే సరిగా పెండ్లి వయసులో. పిల్లకు సంబంధం తప్పిపోతుందని తల్లి జబ్బును దాచిపెడుతుంది. అత్తవారింటికి మందు తీసుకుపోదు. తీసుకుపోతే అడుగుతారు కదా. మూడు నెలల్లో జబ్బు తిరగబెట్టి, పిల్లను పుట్టింటికి పంపి, మోసం చేసినారని పంచాయతీ పెడుతారు. నిఖా ముందే రెండిండ్ల పెద్దలు డాక్టరు దగ్గర కూర్చొని మాట్లాడుకొంటే సగం గొడవలు ఉండవు. ఇది అంటుకొనే జబ్బు కాదు. జబ్బు అణిగి ఉన్నపుడు పిల్లలు కనవచ్చు. మెసలమిన్, సల్ఫాసలజీన్ గర్భంలో కూడా సాధారణంగా కొనసాగిస్తారు, మెథోట్రెక్సేట్ మాత్రం చాలా ముందుగా ఆపాలి. మగవారికి ఒక సంగతి. సల్ఫాసలజీన్ వాడే మగవాడికి వీర్యకణాలు తాత్కాలికంగా తగ్గవచ్చు. మందు మార్చితే కొన్ని నెలల్లో తిరిగి వస్తవి. ఇది తెలియక పిల్లలు కాలేదని కోడలిని ఆడిపోసుకొనే ఇండ్లు ఉన్నవి. ముందు కొడుకు మందుల డబ్బా చూడండి.

తిండి విషయంలో మనవాళ్ళు చేసే పని, రోగిని ఎండబెట్టడం. గంజి, బ్రెడ్డు, నెలల తరబడి. జబ్బు కొంత తింటుంది, పథ్యం మిగిలింది తింటుంది. బాధ ఎక్కువగా ఉన్నపుడు మెత్తటి అన్నం, కిచిడీ, పెరుగు పడితే పెరుగు, ఉడికించిన గుడ్డు, మెత్తగా వండిన మాంసం కొద్దిగా తినాలి. కారం, వేపుళ్ళు, గింజల కూరలు అప్పటికి తగ్గించాలి. పాలు పడనివాళ్ళు మన దేశంలో చాలామంది, వాళ్ళు పాలు మానుకోవచ్చు. అణిగి ఉన్నపుడు అందరితోపాటు తినవచ్చు. ప్రేగు ఇరుకైనవాళ్ళు మాత్రం పీచు విషయంలో డాక్టరును అడగాలి.

రమజాన్ వస్తుందంటే నన్ను ఎక్కువగా అడిగేది రోజా గురించే. జబ్బు రేగి ఉన్నపుడు, నెత్తురు పోతున్నపుడు, స్టెరాయిడ్లు ఎక్కువ మోతాదులో ఉన్నపుడు రోజా వద్దని వైద్యుడిగా చెబుతాను. నీళ్ళు తగ్గి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. జబ్బుతో ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉన్నదని మీకు నేను చెప్పనక్కరలేదు. తర్వాత ఖజా చేసుకోవడమా, ఫిద్యా ఇవ్వడమా అనేది ఉలమాలను అడగండి. మాటిమాటికీ విరేచనం వల్ల వజూ నిలవనివారికి కూడా ఇమాం సాహెబ్ దారి చెబుతారు, సిగ్గుపడి మసీదు మానుకోవద్దు. జబ్బు అణిగి ఉన్నవాళ్ళలో చాలామంది రోజాలు ఉండగలుగుతున్నారు. మెసలమిన్ రోజు మోతాదును ఒకేసారి కూడా వేసుకోవచ్చు గనుక సహర్‌కో ఇఫ్తార్‌కో మార్చి ఇస్తాము. షబే బరాత్ నాటికే వచ్చి అడిగితే మార్చడానికి వీలుంటుంది. ఇఫ్తార్‌లో మిర్చి బజ్జీలతో మొదలుపెట్టకుండా ఖర్జూరం, నీళ్ళు, కాస్త జావతో మొదలుపెట్టాలి.

చివరగా పరీక్షల సంగతి. మొదట రక్తం, మలం పరీక్షలు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పరీక్ష ఉన్నది. ఐ.బి.ఎస్.లో అది సాధారణంగా మామూలుగా ఉంటుంది, ప్రేగు వాచినపుడు పెరుగుతుంది. అంటువ్యాధిలోనూ పెరుగుతుంది, కాబట్టి అదొక్కటే చాలదు. బరువు తగ్గడం, రాత్రి నిద్రలో లేచి దొడ్డికి పోవడం, నెత్తురు, జ్వరం, రక్తహీనత, ఇంట్లో ఎవరికైనా ప్రేగు కాన్సరు ఉండటం, నలభై ఐదు దాటిన తర్వాత మొదటిసారి అలవాటు మారడం, వీటిలో ఏది ఉన్నా కొలొనోస్కోపీ చేయించుకోవాలి. చాలాచోట్ల మత్తు ఇచ్చి చేస్తారు, ఒంటి మీద దుప్పటి ఉంటుంది. ఆడవారు లేడీ డాక్టరు కావాలని ముందుగా చెప్పుకోవచ్చు. నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల్లో ఈ విభాగాలున్నవి.

పరీక్షకు ముందురోజు ప్రేగు కడిగే మందునీళ్ళు తాగాలి. హాలియాలో తాగి హైదరాబాదు బస్సు ఎక్కితే మూడు నాలుగు గంటల దారిలో మీ పాట్లు ఎవరికీ చెప్పుకోలేరు. కాబట్టి ముందురోజు మధ్యాహ్నానికే పట్నం చేరి, బంధువుల ఇంట్లోనో ఆస్పత్రి దగ్గర గదిలోనో దిగి, అక్కడ తాగండి. పాత చీటీలు, రక్త పరీక్షల కాగితాలు, మింగుతున్న మందుల అట్టలు, యునానీ పొట్లాలైనా సరే, అన్నీ ఒక సంచిలో వేసుకొని పోండి. రక్తం పల్చబరచే మందులు, షుగరు బిళ్ళలు వాడేవాళ్ళు ఆ సంగతి చాలా ముందుగానే ఫోను చేసి చెప్పండి. మీ వెంట ఒక మనిషి ఉండాలి, మత్తు దిగేదాకా ఒంటరిగా పంపరు.